హైఫూనా, ఆర్‌ఎఫ్‌నా? కోత లేకుండా చర్మం బిగించుకునే ముందు తేల్చుకోవలసినవి

"హైఫూ మంచిదా, ఆర్‌ఎఫ్ మంచిదా?" బుగ్గలు జారాయనో, గడ్డం కింద వదులైందనో బాధపడే వాళ్లంతా మొదట అడిగేది ఇదే. హైఫూ అల్ట్రాసౌండ్‌తో, ఆర్‌ఎఫ్ కరెంటుతో చర్మాన్ని లోపల వేడి చేసి బిగించే పద్ధతులు. ఆ ప్రశ్నకు జవాబు మెషీన్‌లో లేదు, మీ ముఖంలో ఉంది. వదులు చర్మం పైపొరల్లో ఉందా, లోపలి పొరలో ఉందా, లేక అది వదులు కాకుండా కొవ్వు పేరుకోవడమో తరిగిపోవడమో అయిందా అన్నది తేలితే ఏ మెషీన్ అన్నది దాదాపు తేలినట్టే. అది తేల్చుకోకుండా వెళ్తే, ఆ క్లినిక్‌లో ఏ మెషీన్ ఉంటే దానితోనే చేయించుకుని వస్తారు. కాబట్టి కింది దశల్లో మొదటి రెండూ ఇంట్లోనే, డబ్బు కట్టకముందే పూర్తి చేయండి.

రెండిటికీ తేడా ఏమిటి

హైఫూ అంటే గురిపెట్టిన అల్ట్రాసౌండ్. భూతద్దం ఎండనంతా ఒక చుక్క దగ్గరికి చేర్చినట్టు, ధ్వని తరంగాలను చర్మం లోపల ఒక బిందువు దగ్గర కలుపుతుంది. అక్కడ వేడి 60 నుంచి 70 డిగ్రీల సెల్సియస్‌కు చేరుతుంది. సరిగ్గా చేస్తే పైచర్మానికి ఆ వేడి తగలదు. ఎంత లోతున కలవాలన్నది కార్ట్రిడ్జ్‌ని, అంటే మెషీన్ చివర తగిలించే మార్చుకోగల భాగాన్ని బట్టి ఉంటుంది. ముఖానికి వాడేవి 1.5, 3.0, 4.5 మిల్లీమీటర్లవి. 4.5 చేరేది స్మాస్ అనే గట్టి పొర దాకా. ఫేస్‌లిఫ్ట్ ఆపరేషన్‌లో సర్జన్లు పైకి లాగి కుట్టేది ఆ పొరనే.

ఆర్‌ఎఫ్ అంటే రేడియో తరంగాల స్థాయి కరెంటు. అది చర్మం గుండా పోతున్నప్పుడు కణజాలం అడ్డుకుంటుంది, ఆ అడ్డులోంచి వేడి పుడుతుంది. హైఫూలాగా చుక్కలు చుక్కలుగా కాదు, పొర మొత్తం ఒకేసారి వేడెక్కుతుంది. ఇందులో మూడు రకాలున్నాయి, మూడూ వేరు వేరు చికిత్సలే అనుకోవాలి:

- మోనోపోలార్: కరెంటు హ్యాండ్‌పీస్ (చేత్తో పట్టుకుని చర్మానికి ఆనించే భాగం) నుంచి లోపలికి వెళ్లి, ఒంటికి అంటించిన ప్యాడ్ గుండా బయటికి వస్తుంది. లోతుగా పోతుంది. సాధారణంగా ఒక్క సిట్టింగే.
- బైపోలార్, మల్టీపోలార్: కరెంటు హ్యాండ్‌పీస్ మీది ఎలక్ట్రోడ్ల మధ్యే తిరుగుతుంది. ఎలక్ట్రోడ్ల మధ్య దూరంలో దాదాపు సగం లోతుకే పోతుంది. నాలుగు నుంచి ఆరు సిట్టింగులు, వారం రెండు వారాల తేడాతో.
- సూదుల ఆర్‌ఎఫ్: సన్నని సూదులు చర్మంలోకి దిగి, కొన దగ్గర వేడి వదులుతాయి. సాధారణంగా మూడు సిట్టింగులు, నాలుగు నుంచి ఆరు వారాల తేడాతో.

రెండిటిలోనూ జరిగే పని ఒక్కటే. వేడికి పాత కొలాజెన్ (చర్మాన్ని బిగువుగా ఉంచే ప్రోటీను) ముడుచుకుంటుంది, ఆ గాయాన్ని మాన్పుకునే క్రమంలో శరీరం కొత్త కొలాజెన్ వేస్తుంది. కొత్తది గట్టిపడటానికి నెలలు పడుతుంది. అసలు ఫలితం మూడో నెలకు గానీ కనిపించనిది ఇందుకే.

కావలసినవి

- చేతి అద్దం ఒకటి, గోడ అద్దం ఒకటి
- కెమెరా బాగున్న ఫోను, దాన్ని కదలకుండా నిలబెట్టే స్టాండు
- నేల మీద గుర్తు పెట్టడానికి టేపు ముక్కలు
- మీరు వాడుతున్న మందులన్నీ రాసిన కాగితం (విటమిన్లు, మొటిమల మందులు, రక్తం పలచబరిచే మందులతో సహా)
- గత రెండేళ్లలో ముఖానికి చేయించుకున్న ఫిల్లర్లు (గుంటలు నింపే ఇంజెక్షన్లు), బోటాక్స్ (కండరాన్ని సడలించే ఇంజెక్షను), దారాలు (చర్మాన్ని పైకి లాగడానికి లోపల వేసేవి), లేజర్ల తేదీలు
- బరువు రాసుకునే చిన్న పుస్తకం

దశ 1: వదులు ఎక్కడుందో పట్టుకోండి

మేకప్ తీసేసి, జుట్టు వెనక్కి కట్టుకుని, పగటి వెలుతురులో కూర్చోండి. ఈ నాలుగు పరీక్షలూ వరుసగా చేయండి. పది నిమిషాల పని.

మొదటిది, పడుకునే పరీక్ష. కూర్చుని చేతి అద్దంలో దవడ గీత చూసుకోండి. తర్వాత వెల్లకిలా పడుకుని, అద్దం ముఖానికి ఎదురుగా పైకి పట్టుకుని మళ్లీ చూడండి. పడుకున్నప్పుడు బుగ్గలు వెనక్కి జారి దవడ గీత తేటగా కనిపిస్తే, మీ సమస్య లోపలి పొర జారడం. పడుకున్నా పెద్దగా తేడా లేకపోతే, అది జారడం కాదు. కొవ్వో, ఎముక తీరో, సన్న ముడతలో అయివుంటుంది.

రెండోది, వేలితో లాగే పరీక్ష. చెవి ముందు, చెంప మీద రెండు వేళ్లు ఆనించి, చర్మాన్ని చెవి వైపు మెల్లగా జరపండి. ఎంత జరిపితే దవడ గీత మీరు కోరుకున్నట్టు వస్తోందో గమనించండి. కొద్ది మిల్లీమీటర్లతోనే తేడా తెలుస్తుంటే మెషీన్‌తో ప్రయత్నించవచ్చు. ఒక సెంటీమీటరు దాటి లాగితే తప్ప రాకపోతే, హైఫూ గానీ ఆర్‌ఎఫ్ గానీ అంత మార్పు తేలేవు. అలాంటప్పుడు ప్లాస్టిక్ సర్జన్‌ని కలవడమే మేలు. మెషీన్ మీద మెషీన్ మార్చి ఏళ్లు గడిపేసి, చివరికి ఆపరేషన్ దగ్గరికే వచ్చేవాళ్లు చాలామంది ఉంటారు.

మూడోది, గిల్లే పరీక్ష. గడ్డం కింద చర్మాన్ని బొటనవేలితో, చూపుడు వేలితో పట్టుకోండి. పల్చగా, కాగితం మడతలా వేళ్ల మధ్యకు వస్తే అది చర్మం వదులు. దళసరిగా, మెత్తగా ముద్దలా వస్తే కొవ్వు. కొవ్వుకు కొవ్వు తగ్గించే చికిత్స వేరే ఉంటుంది, బిగించే మెషీన్ దాని పని చేయదు. ఇప్పుడు పళ్లు బిగించి మెడ నరాలు పైకి తేలేలా 'ఈ' అనండి. నిలువుగా తాళ్లలా రెండు గీతలు లేస్తే అవి కండరానివి. వాటికి బోటాక్స్ లాంటివి పనిచేస్తాయి గానీ హైఫూతో అవి పోవు.

నాలుగోది, నీడల పరీక్ష. కిటికీకి పక్కగా నిలబడి అద్దంలో చూడండి. కణతలు, కళ్ల కింద, చెంపల మధ్య లోతు పడి నీడలు కనిపిస్తుంటే మీ ముఖంలో కొవ్వు తరిగింది. ఇది అన్నిటికంటే ముఖ్యమైన హెచ్చరిక. సన్నని ముఖం మీద 4.5 కార్ట్రిడ్జ్‌తో హైఫూ ఎక్కువగా కొడితే, ఉన్న కొద్ది కొవ్వు కూడా కరిగి ముఖం ఇంకా పీక్కుపోతుంది. చర్మం బిగిసినా వయసు పెరిగినట్టే కనిపిస్తుంది. పోయిన కొవ్వు దానంతటది తిరిగి రాదు.

దశ 2: మీకు అసలు చేయొచ్చా?

కింది వాటిలో ఒక్కటున్నా డాక్టరుకు ముందే చెప్పండి. "అడగలేదు కాబట్టి చెప్పలేదు" అన్న మాటతో కాలిన చర్మం బాగుపడదు.

రెండూ వద్దు: గర్భంతో ఉన్నవాళ్లు, చేయవలసిన చోట పుండు, ఇన్ఫెక్షన్, చీముపట్టిన పెద్ద మొటిమలు ఉన్నవాళ్లు.

ఆర్‌ఎఫ్ వద్దు: పేస్‌మేకర్, గుండెకు షాకిచ్చే పరికరం, చెవిలో కాక్లియర్ ఇంప్లాంట్ లాంటి ఏ ఎలక్ట్రానిక్ పరికరం ఒంట్లో ఉన్నా. కరెంటు ఒంటి గుండా పోతుంది కాబట్టి పరికరం మెడ దగ్గర లేకపోయినా ప్రమాదమే. ఇలాంటి పరికరం ఉన్నవాళ్లు హైఫూకి వెళ్లాలన్నా గుండె డాక్టరు మాట తీసుకోవాలి.

ఆ చోట జాగ్రత్త: దవడలో లోహపు ప్లేట్లు, స్క్రూలు, ఈమధ్య వేయించిన ఫిల్లరు, దారాలు. ఫిల్లరు ఉన్న చోట నేరుగా వేడి పెట్టకూడదు. రెండూ కావాలంటే ముందు మెషీన్, వాపు పూర్తిగా తగ్గాక అంటే కనీసం రెండు మూడు వారాల తర్వాత ఫిల్లరు.

చెప్పి తీరాలి: రక్తం పలచబరిచే మందులు (మీ అంతట మీరు ఆపొద్దు, ఆ మందు రాసిన డాక్టరునే అడగండి), మొటిమలకు ఐసోట్రెటినోయిన్, గాయం మానాక ఉబ్బుగా గడ్డకట్టే కీలాయిడ్ తత్వం, పెదాల మీద తరచూ వచ్చే జ్వరపు పొక్కులు. చివరి రెండూ సూదుల ఆర్‌ఎఫ్‌కి మరీ ముఖ్యం. పొక్కులు వచ్చేవాళ్లకు ముందుగానే వైరస్‌ను అణిచే మాత్ర ఇస్తారు.

చామనఛాయ, నలుపు చర్మం వాళ్లకు ఒక ఊరట. లేజర్లు నల్లని రంగును వెతుక్కుని వేడెక్కిస్తాయి, ఈ రెండూ అలా కాదు. హైఫూకి, ఆర్‌ఎఫ్‌కి చర్మం రంగుతో నిమిత్తం లేదు. కానీ పొరపాటున కాలితే మాత్రం మన చర్మం మీద నల్లమచ్చ పడి నెలల తరబడి ఉంటుంది. సూదుల ఆర్‌ఎఫ్ తర్వాత చుక్కలు చుక్కలుగా నల్లబడటం కూడా ఉంది. అందుకని రంగు ఉన్న చర్మానికి ఎనర్జీ తక్కువ నుంచి మొదలుపెట్టమని అడగడంలో తప్పులేదు.

దశ 3: ఎంచుకోండి

దశ 1లో తేలినదాన్ని ఇక్కడ పెట్టి చూడండి.

దవడ గీత చెదిరింది, గడ్డం కింద చర్మం కాస్త జారింది, కనుబొమ్మ కొద్దిగా దిగింది, ముఖంలో కొవ్వు బాగానే ఉంది: హైఫూ. మెషీన్‌లో చర్మం పొరలను తెరమీద చూపించే సౌకర్యం ఉంటే ఇంకా మంచిది. ఈ రకం చికిత్సకు పేరొందిన అల్థెరపీకి అమెరికాలో మందులకు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 2009లో కనుబొమ్మ ఎత్తడానికి, 2012లో గడ్డం కింద, మెడకు, 2014లో ఛాతీ పైభాగం ముడతలకు అనుమతి ఇచ్చింది.

చర్మం పల్చబడి సన్న ముడతలు పడింది, పట్టుకుంటే నలిగిన గుడ్డలా ఉంది, లేదా వదులు పొట్ట మీద, చేతుల మీద, మోకాళ్ల పైన ఉంది: మోనోపోలార్ లేదా మల్టీపోలార్ ఆర్‌ఎఫ్. మోనోపోలార్‌లో పాతది థర్మేజ్. దానికి 2002లో ఎఫ్‌డీఏ మొదటి అనుమతి వచ్చింది కంటి చుట్టూ ముడతలకు.

కనురెప్పల మీద వదులు: ఆర్‌ఎఫ్ మాత్రమే, అది కూడా కంటికోసమే చేసిన చిన్న టిప్‌తో (హ్యాండ్‌పీస్‌కు తగిలించే కొన), కంట్లో ప్లాస్టిక్ షీల్డ్ పెట్టి. కంటి గుంట ఎముక అంచు దాటి లోపలికి హైఫూ ఎప్పుడూ రాకూడదు. కంటి మీదుగా హైఫూ చేసి, కంటి లెన్సు దెబ్బతిన్న సంఘటనలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి.

మొటిమల గుంటలు, పెద్ద రంధ్రాలు, వాటితో పాటు కాస్త వదులు: సూదుల ఆర్‌ఎఫ్. దీన్ని తేలిగ్గా తీసుకోకండి. కాలిన గాయాలు, మచ్చలు, కొవ్వు తరిగి గుంటపడటం, నరం దెబ్బతినడం లాంటివి వచ్చాయని 2025 అక్టోబరులో ఎఫ్‌డీఏ ప్రత్యేకంగా హెచ్చరించింది. ఇది బ్యూటీ పార్లర్‌లో చేయించుకునే పని కాదు.

ముఖం పీక్కుపోయింది: రెండూ ఆపండి. ముందు తరిగిన కొవ్వు సంగతి డాక్టరుతో మాట్లాడండి. బిగింపు కావాలనిపిస్తే పైపొరకే పరిమితమయ్యే ఆర్‌ఎఫ్ లేదా లోతు తక్కువ కార్ట్రిడ్జ్ గురించి అడగండి.

రెండూ కలిపి చేస్తామని ప్యాకేజీ చెప్తే? లోపల జారింది, పైన ముడతపడింది అనుకునేవాళ్లకు కలపడంలో అర్థముంది. కానీ మొదటిసారి వెళ్లేవాళ్లు ఒకదానితోనే మొదలుపెట్టి మూడు నెలలు చూడటం నయం. రెండూ ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో, ఏది వాపు తెచ్చిందో ఎవరూ చెప్పలేరు.

దశ 4: క్లినిక్‌లో అడగవలసినవి

మెషీన్ పేరు, తయారీదారు పేరు కాగితం మీద రాసివ్వమనండి. "హైఫూ" అన్నది పద్ధతి పేరు, మెషీన్ పేరు కాదు. ఒకే పేరుకు దగ్గరగా ఉండే నకిలీలు మార్కెట్లో చాలా తిరుగుతున్నాయి. అసలు మెషీన్ల కార్ట్రిడ్జ్‌కి, టిప్‌కి సీరియల్ నంబరు, గడువు తేదీ ఉంటాయి. మీ ముందే కవరు విప్పమని, లేదా మిగిలిన షాట్లెన్నో తెరమీద చూపమని అడగండి. థర్మేజ్ లాంటి వాటిలో టిప్ ఒకరికి ఒకసారికే.

తర్వాత ఈ ప్రశ్నలు:

1. ఏ లోతు కార్ట్రిడ్జ్‌తో, ఏ చోట, ఎన్ని గీతలు (హైఫూలో ఒక షాట్ అంటే వేడి చుక్కల గీత ఒకటి)? "మొత్తం 500 షాట్లు" అంటే సరిపోదు. 4.5తో ఎన్ని, 3.0తో ఎన్ని, 1.5తో ఎన్ని అన్నది వేరు వేరుగా చెప్పాలి.
2. చర్మం మందం చూసి లోతు ఎంచుకుంటారా, అందరికీ ఒకటేనా? నుదురు దగ్గర చర్మం పల్చన. అక్కడ 4.5 వాడితే ఎముకకే తగులుతుంది.
3. చేసేది ఎవరు? డాక్టరు సంప్రదించి, టెక్నీషియన్ చేసే చోట, ఆ సమయంలో డాక్టరు భవనంలో ఉంటారా?
4. కాలితే, మూతి వంకరపోతే ఎవరికి ఫోన్ చేయాలి? రాత్రి పది గంటలకు ఆ నంబరు పలుకుతుందా?

ఒక చోట మాత్రం అక్కడితో ఆపి లేచి రండి. ముఖానికి 8 లేదా 13 మిల్లీమీటర్ల కార్ట్రిడ్జ్ వాడతామంటే. అంత లోతువి ఒంటి మీద కొవ్వు కరిగించడానికి, ముఖానికి కావు.

దశ 5: ముందు రెండు వారాలు

ఎండకు కమిలిన చర్మంతో వెళ్లొద్దు. సన్‌స్క్రీన్ రోజూ రాయండి. రెటినాల్, ట్రెటినోయిన్, ఆమ్లాలున్న క్రీములు మూడు నుంచి ఐదు రోజుల ముందు ఆపండి. మగవాళ్లు ఆ రోజు పొద్దున్నే గడ్డం నున్నగా గీసుకోవాలి. వెంట్రుకల మధ్య గాలి ఇరుక్కుంటే అల్ట్రాసౌండ్ లోపలికి పోదు, పైచర్మం దగ్గరే వేడెక్కుతుంది. చెవిపోగులు, ముక్కుపుడక, గొలుసు ఇంటి దగ్గరే తీసేయండి. ఖాళీ కడుపుతో వెళ్లొద్దు, నొప్పికి కళ్లు తిరుగుతాయి. నొప్పి మాత్ర వేసుకోవాలనుకుంటే ఏది, ఎప్పుడన్నది క్లినిక్‌నే అడిగి వేసుకోండి.

ఇదే సమయంలో ఫొటోలు తీయండి. చాలామంది ఇది వదిలేసి, మూడు నెలల తర్వాత "మారిందా, మారలేదా" అని తమను తామే అడుగుతూ కూర్చుంటారు. పద్ధతి ఇది: ఫోను కళ్ల ఎత్తులో స్టాండు మీద, మీకు సుమారు ఒకటిన్నర మీటర్ల దూరంలో. సెల్ఫీ కెమెరా వద్దు, వెనక కెమెరా, రెండు రెట్ల జూమ్. దగ్గర నుంచి తీస్తే ముక్కు పెద్దదై, దవడ సన్నబడి కనిపిస్తుంది. మీ పాదాలు, స్టాండు కాళ్లు ఉన్న చోట టేపు అంటించండి. ఫ్లాష్ లేకుండా ఒకే కిటికీ వెలుతురు, ఒకే వేళ. ఐదు ఫొటోలు: ఎదురుగా, రెండు వైపులా సగం తిరిగి, రెండు వైపులా పూర్తిగా పక్కకు. ముఖంలో నవ్వు ఉండకూడదు, గడ్డం నేలకు సమాంతరంగా ఉండాలి. పక్కనుంచి తీసే ఫొటోలో చెవి రంధ్రం, కింది కనురెప్ప అంచు ఒకే అడ్డగీత మీద ఉన్నాయో లేదో చూడండి. గడ్డం కొద్దిగా ఎత్తినా మెడ వదులు మాయమైపోతుంది. ఆ రోజు బరువు రాసుకోండి.

దశ 6: సిట్టింగ్ రోజు

హైఫూ అయితే: ముఖం కడిగి, కంటి గుంట చుట్టూ, మెడ మధ్యన థైరాయిడ్ ఉన్న చోట, దవడ అంచు నరం పోయే చోట గీతలు గీసి, అక్కడ చేయకుండా వదులుతారు. గీతలు గీయకుండా మొదలుపెడితే ఆగమనండి. తర్వాత జెల్ రాసి, హ్యాండ్‌పీస్ చర్మానికి అంచులన్నీ ఆనేలా పెడతారు. అసలు మెషీన్లలో ఒక్కో షాట్ గీత సాధారణంగా 25 మిల్లీమీటర్ల పొడవుంటుంది, అందులో సన్నని చుక్కలు వరుసగా పడతాయి. దవడ ఎముక మీద, నుదుటి మీద చురుక్కుమని పళ్లలోకి పాకినట్టుంటుంది. చెంప లోపల దూది గుడ్డ పెడితే ఆ నొప్పి తగ్గుతుంది.

ఆర్‌ఎఫ్ అయితే: మోనోపోలార్‌లో వీపు కింద లేదా తొడ మీద ప్యాడ్ అంటిస్తారు. దాని నాలుగు మూలలూ చర్మానికి అతుక్కున్నాయో లేదో మీరే చేత్తో తడిమి చూడండి. ఒక మూల లేస్తే కరెంటంతా మిగిలిన చోటికే మళ్లి, ముఖం సంగతి అలా ఉంచి, ప్యాడ్ కింద కాలుతుంది. ముఖం మీద ఒక చోట వేడి పెంచి, చర్మం ఉపరితలం 40 నుంచి 42 డిగ్రీల దగ్గర నిలిపి, కొన్ని నిమిషాలు తిప్పుతూ ఉంచడం మల్టీపోలార్ పద్ధతి. కాసేపు వెచ్చబరిచి వదిలేస్తే పనిచేయదు. వేడి కొలిచే యంత్రం దగ్గరుందో చూడండి.

మీ నొప్పే అక్కడ కాపలా. మందుతో పూర్తిగా మొద్దుబరిచి సూదుల్లేని ఆర్‌ఎఫ్ చేయించుకోవడం మంచిది కాదు, కాలుతున్నట్టు చెప్పాల్సింది మీరే. వేడిగా ఉంది, ఓర్చుకోగలను అన్నంతలోనే ఉండాలి. ఇవి వస్తే వెంటనే చెయ్యెత్తండి:

- ఆర్‌ఎఫ్‌లో ఒకే చుక్క దగ్గర సూది గుచ్చినట్టు. టిప్ సగమే ఆనిందని అర్థం.
- హైఫూలో పెదవికో, నుదుటికో కరెంటు షాకులా పాకడం. నరం మీద పడుతోంది.
- చర్మం పైన, జెల్ ఎండిన చోట మంట. జెల్ మళ్లీ రాయాలి, తుడిచేసి కొనసాగించకూడదు.

దశ 7: మొదటి రెండు వారాలు

హైఫూ, సూదుల్లేని ఆర్‌ఎఫ్ తర్వాత ఎరుపు సాధారణంగా కొన్ని గంటల్లో తగ్గుతుంది. కొద్దిపాటి వాపు రెండు మూడు రోజులు ఉండొచ్చు. హైఫూ తర్వాత దవడ ఎముక నొక్కితే నొప్పి రెండు మూడు వారాలున్నా అది మామూలే. అక్కడక్కడ కమిలిన మచ్చ కూడా పడొచ్చు. ముఖం గట్టిగా మసాజ్ చేయొద్దు. ఆవిరి పట్టడం, వేడినీటి స్నానం రెండు మూడు రోజులు వద్దు. సూదుల ఆర్‌ఎఫ్ తర్వాత ఒక రోజు మేకప్ కూడా వద్దు.

కింది వాటికి రేపటి దాకా ఆగకండి:

హైఫూ తర్వాత చర్మం మీద సమాంతరంగా తెల్లగా ఉబ్బిన గీతలు లేస్తే చాలామంది భయపడతారు. దద్దురులా, స్కేలు పెట్టి గీసిన గీతల్లా ఒకదాని పక్కన ఒకటి కనిపిస్తాయి. వేడి పైకి పడిందన్న గుర్తు ఇది. చాలాసార్లు గంటల్లో, రోజుల్లో తగ్గుతాయి గానీ డాక్టరు అదే రోజు చూసి మందు రాయాలి. బొబ్బ లేస్తే చల్లటి నీళ్ల గుడ్డ ఆనించండి, ఐస్ నేరుగా పెట్టొద్దు, గిల్లొద్దు, ఫొటో తీసి పంపండి. నవ్వితే మూతి ఒక వైపు దిగకపోతే దవడ అంచు నరానికి వేడి తగిలింది. సాధారణంగా వారాల్లో సర్దుకుంటుంది, అయినా రికార్డు చేయించండి. చూపు మసకబారితే, కన్ను నొప్పి పుడితే క్లినిక్‌కి కాదు, నేరుగా కంటి డాక్టరుకు. చెంపలో గుంట వారాల తర్వాత గానీ తెలియదు. అందుకే ఫొటోలు.

దశ 8: ఫలితం చూసుకునే పద్ధతి

మొదటి వారంలో కనిపించే బిగువు ఎక్కువగా వాపుది. దాన్ని చూసి సంబరపడొద్దు. రెండో వారంలో అది దిగిపోతే "పోయింది" అని కుంగిపోవద్దు. టేపు గుర్తుల మీదే నిలబడి 30, 90, 180 రోజులకు అవే ఐదు ఫొటోలు తీయండి. బరువు మళ్లీ రాయండి. రెండు మూడు కిలోలు తేడా వస్తే దవడ గీతలో మార్పు మెషీన్‌దో, బరువుదో తేల్చలేరు.

పోల్చేటప్పుడు ఫొటోలు పక్కపక్కన పెట్టి, కంటిపాప నుంచి కనుబొమ్మ పైఅంచు దాకా దూరం, చెవి తమ్మె నుంచి గడ్డం దాకా దవడ గీత నునుపు, గడ్డానికీ మెడకూ మధ్య కోణం, ఈ మూడే చూడండి. ముఖమంతా ఒకేసారి చూస్తే మనసు ఏం కోరుకుంటే అదే కనిపిస్తుంది. ఏ ఫొటో ముందుదో ఏది తర్వాతిదో చెప్పకుండా ఇంట్లో ఒకరికి చూపించి, ఏది బాగుందో అడగండి. వాళ్లు తడబడితే మార్పు చాలా తక్కువన్న మాట.

ఎంత ఆశించవచ్చు? కనుబొమ్మ ఒకటి రెండు మిల్లీమీటర్లు లేవడం, దవడ గీత కాస్త తేటపడటం, చర్మం ముట్టుకుంటే గట్టిగా ఉండటం. ఇంతకు మించి చెప్పేవాళ్లను నమ్మకండి. కొంతమందికి సరిగ్గా చేసినా తెలిసేంత మార్పు రాదు. వయసు మీరినవాళ్లకు, పొగ తాగేవాళ్లకు, బాగా ఎండకు దెబ్బతిన్న చర్మానికి ఫలితం తక్కువ.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

నెల నెలా హైఫూ చేయించుకోవడం అన్నిటికంటే పెద్దది. కొలాజెన్ తయారవడానికే మూడు నెలలు పడుతుంటే, మొదటి నెలకే మళ్లీ కొట్టించుకుంటే బిగువు పెరగదు, కొవ్వు కరిగే ప్రమాదం మాత్రం పెరుగుతుంది. హైఫూ మళ్లీ కావాలంటే ఏడాదికి ఒకసారి. అదీ 180వ రోజు ఫొటో చూశాకే నిర్ణయించుకోండి.

షాట్ల సంఖ్య చూసి బేరమాడటం రెండోది. లోతు తప్పితే వెయ్యి షాట్లూ వృథా.

ఆర్‌ఎఫ్‌లో ఎనర్జీ ఎంత ఎక్కువైతే అంత మంచిదనుకోవడం మూడోది. మొదటి రోజుల్లో ఎక్కువ ఎనర్జీతో కొద్దిసార్లు తిప్పేవారు. గుంటలు, కాలినవి ఎక్కువైతే పద్ధతి మార్చి, తక్కువ ఎనర్జీతో ఎక్కువసార్లు తిప్పడం మొదలుపెట్టారు. నొప్పి తగ్గింది, ఫలితం తగ్గలేదు.

ఇంట్లో వాడే చిన్న ఆర్‌ఎఫ్ పరికరాల మీద ఆశ పెట్టుకోవడం మరొకటి. అవి కాలకుండా ఉండాలని తక్కువ శక్తితో చేస్తారు. నెలల తరబడి క్రమం తప్పకుండా వాడితే సన్న ముడతల్లో కాస్త తేడా రావచ్చు, జారిన దవడను మాత్రం ఎత్తలేవు. "హైఫూ" అని రాసి ఆన్‌లైన్‌లో అమ్మే ఇంటి పరికరాలను కొనొద్దు. నరాలు ఎక్కడున్నాయో తెలియని చేతిలో అది ప్రమాదకరం.

90వ రోజు ఫొటోలో ఏమీ మారకపోతే, అదే మెషీన్‌తో రెండో సిట్టింగుకు డబ్బు కట్టకముందు దశ 1కి వెళ్లి పడుకునే పరీక్ష, వేలి పరీక్ష మళ్లీ చేయండి. వదులు ఎక్కువని తేలితే సర్జన్ దగ్గరికి, కొవ్వని తేలితే కొవ్వు చికిత్సకు, చర్మం పల్చదనమని తేలితే ఆర్‌ఎఫ్ వైపు మళ్లండి. మొదటి సిట్టింగు రికార్డు, అంటే మెషీన్ పేరు, లోతు, గీతల సంఖ్య, ఎనర్జీ రాసిన కాగితం, వెంట తీసుకువెళ్లండి.